ఎనిమిది ఊళ్ళెందుకు, ఒక్కటి చాలదా?

ప్రశ్న: మేం తొమ్మిది మందిమి. కొన్నేళ్ళుగా నెలకోసారి కలిసి, ఒక పుస్తకం పెట్టుకుని మాట్లాడుకుంటున్నాం. ఈసారి అందరం కలిసి కథలు పుట్టిన చోటికి వెళ్ళొద్దామనుకున్నాం. ఒకరు ఇంగ్లండ్ సాహిత్య యాత్ర అని ఒక ప్యాకేజీ పట్టుకొచ్చారు. పది రోజులు, ఎనిమిది ఊళ్ళు. షెర్లాక్ హోమ్స్ ఇల్లు, జేన్ ఆస్టెన్ ఇల్లు, షేక్‌స్పియర్ ఊరు, బ్రాంటీ అక్కచెల్లెళ్ళ ఇల్లు, డ్రాక్యులా దిగిన రేవు, పీటర్ ర్యాబిట్ తిరిగిన పల్లె, ఇంకా ఏవేవో. జాబితా చూస్తే ఆశగానూ ఉంది, టెన్షన్‌గానూ ఉంది. ఇద్దరి భర్తలు మేమూ వస్తామంటున్నారు, వాళ్ళు నవల ముట్టుకోరు. ఒకావిడకి మోకాళ్ళ నొప్పులు. డబ్బు దగ్గర అందరం ఒకలా లేం. నా భయం మాత్రం వేరు. ఎమిలీ బ్రాంటీ రాసిన 'వుదరింగ్ హైట్స్' నేను కాలేజీ రోజుల నుంచి చదువుతూనే ఉన్నాను. ఆ ఇల్లు, ఆ గాలి నా కళ్ళకి కట్టినట్టుంటాయి. అసలుది చూశాక నాది పోతుందేమో? అంతమందితో వెళ్తే పుస్తకం గుర్తుంటుందా, ఫొటోలే మిగులుతాయా?
ఒక పాఠకురాలు

జవాబు: ఆశ పుట్టడం సహజమే. పుట్టాలనే ఆ జాబితాలు అలా రాస్తారు. నా సలహా మాత్రం ఇది: ఆ ఎనిమిదిట్లో ఒక్క ఊరు ఉంచుకుని మిగతా ఏడూ కొట్టేయండి. ఒక పుస్తకం, ఒక ఊరు, అక్కడే అయిదారు రోజులు. దీనికి మీ తొమ్మిది మందీ ఒప్పుకుంటే మీరు రాసిన చిక్కుల్లో సగం వాటంతటవే విడిపోతాయి. ఒప్పుకోకపోతే ఆ వాదన ఇప్పుడే, ఇక్కడే పెట్టుకోండి. అక్కడికెళ్ళాక బస్సులో పెట్టుకోకండి.

ఎందుకంటారా? మ్యాపు తీసి ఆ ఊళ్ళని వేలితో కలిపి చూడండి. ఆస్టెన్ ఇల్లున్న చాటన్ దక్షిణాన ఉంది. షేక్‌స్పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్ దేశం నడిమధ్యన. డ్రాక్యులాని మోసుకొచ్చిన ఓడ ఒడ్డుకి కొట్టుకొచ్చిన విట్బీ ఈశాన్య తీరంలో. పీటర్ ర్యాబిట్ కథలు రాసిన బియాట్రిక్స్ పాటర్ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ ఏమో వాయవ్యంలో. విట్బీ నుంచి అక్కడికి వెళ్ళాలంటే దేశాన్ని అడ్డంగా దాటాలి. పది రోజుల్లో రానూపోనూ ప్రయాణానికి రెండు తీసేస్తే రోజుకో ఊరు. పొద్దున పెట్టె సర్దడం, బస్సెక్కడం, మధ్యాహ్నం దిగడం, ఒక ఇంట్లో గంట, ఆ ఇంటి పక్క బహుమతుల కొట్లో ఇంకో గంట, మళ్ళీ బస్సు. చదవడమంటే ప్రాణమిచ్చే తొమ్మిది మంది పది రోజులపాటు ఒక్క పేజీ తిప్పకుండా తిరిగొస్తారు. దాన్ని యాత్ర అనొచ్చు, సెలవు అనలేం.

పైగా రచయితల ఇళ్ళు చిన్నవి. అవి సొమ్ము దండిగా ఉన్నవాళ్ళ మేడలు కావు. చాటన్‌లో ఆస్టెన్ 1809 నుంచి 1817 దాకా ఉన్న ఇంట్లో ఆమె రాసుకున్నదని చెప్పే బల్ల ఉంది. పన్నెండు పలకల చిన్న బల్ల. దాని మీద ఒక కాగితం, ఒక సిరాబుడ్డి పట్టి కొంచెం చోటు మిగులుతుందేమో. చూడ్డానికి అర నిమిషం చాలు. కానీ ఆమె నవల 'ఎమ్మా' చదివిన మనిషికి ఆ అర నిమిషం తర్వాత ఊరికే కూర్చోవడానికి ఒక తోట, ఒక గంట కావాలి. ఆ గంట ప్యాకేజీలో ఉండదు. లేక్ డిస్ట్రిక్ట్‌లో పాటర్ 1905లో కొన్న హిల్ టాప్ ఇల్లు ఇంకా ఇరుకు. లోపల ఒకేసారి ఎక్కువమంది పట్టరు కాబట్టి టికెట్ మీద వేళ వేసి, ఆ వేళకే పంపిస్తారు. బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆ వేళ దాటిపోయిందనుకోండి, బయటి నుంచి పూలమొక్కలు చూసి రావడమే.

ఇంకో సంగతి. కథలతో ముడిపడిన చోట్లన్నీ ఒక రకం కావు. టూర్ కంపెనీలు అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాయి. మీరు విడదీసి చూసుకోవాలి. దీనికి మాల్గుడిని మించిన ఉదాహరణ నాకు తట్టడం లేదు. ఆర్.కె. నారాయణ్ 1935లో 'స్వామి అండ్ ఫ్రెండ్స్'తో మొదలుపెట్టి దశాబ్దాలపాటు ఆ ఊరి కథలే రాశారు. ఆ ఊరు మాత్రం ఏ మ్యాపులోనూ లేదు. మైసూరు యాదవగిరిలో ఆయన కట్టించుకున్న ఇల్లుంది. 2011లో దాన్ని పడగొట్టబోతే జనం గొడవ చేసి ఆపారు, బాగుచేసి 2016లో మ్యూజియంగా తెరిచారు. అక్కడికెళ్తే మాల్గుడి కనబడదు, మాల్గుడిని రాసిన మనిషి గది కనబడుతుంది. ఇక ఆగుంబె ఉంది. టీవీలో 'మాల్గుడి డేస్' చూసి పెరిగినవాళ్ళు అక్కడికి పరిగెడతారు, శంకర్ నాగ్ దాన్ని తీసింది అక్కడే కాబట్టి. అది కెమెరా ఎంచుకున్న మాల్గుడి. అంటే ఒకటి రచయిత ఉన్న చోటు, ఒకటి షూటింగు జరిగిన చోటు, ఇంకొకటి ఎవరూ వెళ్ళలేని చోటు. మీ తొమ్మిది మందిలో ఒకరికి రాసిన మనిషి మీద మక్కువ ఉంటుంది, ఇంకొకరికి కథ జరిగిన నేల మీద, మూడోవారికి తెర మీద చూసిన మేడ మీద. ముగ్గురూ 'పుస్తకం ఊరు' అనే ఒకే మాట వాడతారు. మనసులో ఉన్నవి మాత్రం మూడు వేర్వేరు ఊళ్ళు. అందుకే బయల్దేరక ముందే ఒక్కొక్కరినీ అడగండి, 'అక్కడ ఏం చూడాలనుకుంటున్నావు' అని. 'ఎక్కడికి వెళ్దాం' అని అడిగితే ఇది బయటపడదు.

నాలుగో రకం ఒకటుంది, ఉత్తుత్తి చోట్లు. వెరోనాలో జూలియెట్ బాల్కనీ కింద రోజూ జనం కిక్కిరిసి ఉంటారు. ఆ బాల్కనీని ఆ ఇంటికి తగిలించింది 20వ శతాబ్దంలో. కథల్లో షెర్లాక్ హోమ్స్ ఇల్లు లండన్‌లో 221బి, బేకర్ స్ట్రీట్. కోనన్ డాయిల్ ఆ కథలు మొదలుపెట్టే నాటికి ఆ వీధిలో ఇళ్ళ నంబర్లు 221 దాకా రానేలేదు. 1990లో తెరిచిన మ్యూజియం తలుపు మీద 221బి అని ఉంటుంది, అటూ ఇటూ ఉన్న భవనాల నంబర్లేమో 237, 241. నాకివి ఇష్టమే. లేని మనిషి ఇంటికి జనం టికెట్ కొనుక్కుని క్యూ కడుతున్నారంటే కథకి అంతకన్నా మర్యాద ఏముంటుంది? కాకపోతే దారిలో తగిలితే చూడండి, పనిగట్టుకుని ఒక రోజు దాని మీద పెట్టకండి. డ్రాక్యులా విషయంలోనూ అంతే. జనం రుమేనియాలో బ్రాన్ కోటకి ఎగబడతారు. ఆ నవల రాసిన బ్రామ్ స్టోకర్ మాత్రం కోట ఉన్న ట్రాన్సిల్వేనియా గడ్డ మీద కాలే పెట్టలేదు. ఆయన 1890లో సెలవులకి వెళ్ళింది విట్బీకి. డ్రాక్యులా అన్న పేరు దొరికింది కూడా ఆ ఊరి లైబ్రరీలోంచి తీసుకున్న పుస్తకంలోనే. మీ జాబితాలో ఉన్న విట్బీ అసలు సిసలు చోటు. అలాంటి ఊరికి ప్యాకేజీలో ఒక పూట ఇచ్చారు చూశారా, అదే నా కోపం.

ఇప్పుడు మీ భయం దగ్గరికి వస్తాను. ఉత్తరంలో దాన్ని చివర్లో రాశారు గానీ అసలు ప్రశ్న అదే. మీకు బ్రాంటీ అక్కచెల్లెళ్ళ ఊరు హావర్త్ వెళ్ళమనే చెబుతాను. ఊహ చెడిపోతుందేమోనన్న భయానికి మందు దొరికే చోటు అంటూ ఉంటే అదే.

ఆ ఊరి పైన బీడు కొండల మీద టాప్ విదెన్స్ అని కప్పు లేని రాతి గోడలు ఉన్నాయి, ఒకప్పటి రైతు ఇల్లు. ఎమిలీ రాసిన ఇల్లు ఇదేనని జనం ఎప్పటి నుంచో నమ్ముతున్నారు. ఎంతమంది వస్తారంటే దారి చూపే బోర్డుల మీద జపనీస్‌లో కూడా రాసి పెట్టారు. అంత దూరం నడిచి వెళ్ళాక గోడ మీద ఒక పలక ఉంటుంది. బ్రాంటీ సొసైటీ వాళ్ళు 1964లో పెట్టించింది. ఈ ఇంటి పేరు నవలతో ముడిపడి ఉన్న మాట నిజమే గానీ, పూర్తిగా నిలబడి ఉన్న రోజుల్లో కూడా ఇది ఆమె వర్ణించిన ఇంటిలా లేదని అందులో రాశారు. ఇల్లున్న చోటు మాత్రం రాసేటప్పుడు ఆమె మనసులో మెదిలి ఉండొచ్చట. వచ్చినవాళ్ళతో ఇంత నిజాయితీగా మాట్లాడే పలకలు లోకంలో ఎన్ని ఉంటాయి? మీ ఇల్లు మీ దగ్గరే ఉంది, దాన్ని అక్కడ ఎవరూ లాక్కోరు. అక్కడ ఉన్నది మీ దగ్గర లేనిది: ఆ గాలి ఎటు నుంచి ఎంత గట్టిగా కొడుతుందో, మబ్బు కమ్మితే దారి ఎంత త్వరగా మాయమవుతుందో, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడవడమంటే ఏమిటో. నవలలో కథ చెప్పే లాక్‌వుడ్ మంచులో చిక్కుకుని ఆ రాత్రికి ఆ ఇంట్లోనే ఉండిపోవాల్సి రావడం చదివినప్పుడు 'ఏం, తిరిగి వెళ్ళిపోవచ్చుగా' అని మీకెప్పుడైనా అనిపించి ఉంటే, అక్కడ నడిచాక అలా అనిపించదు.

నిజంగా ఊహని చెరిపేది వేరే ఉంది. ప్రయాణానికి ముందు వారం అందరూ కలిసి ఆ నవల మీద వచ్చిన సినిమాలు వేసుకుని చూస్తారు చూడండి, అది. నటుడి మొహం ఒకసారి ఎక్కిందంటే కొండ మీద కూడా అదే కనిపిస్తుంది. సినిమాలు తిరిగొచ్చాక చూసుకోండి. వెళ్ళే ముందు పుస్తకం మళ్ళీ చదవండి, చివరి నాలుగైదు అధ్యాయాలు మాత్రం మిగుల్చుకుని అక్కడ ముగించండి. ఎన్నోసారి చదువుతున్నా సరే, ముగింపు ఆ ఊళ్ళో పడితే ఆ రుచి వేరు.

గుంపుతో వెళ్తే పుస్తకం గుర్తుంటుందా అన్నారు. హావర్త్‌లోనే దానికి జవాబుంది. బ్రాంటీ అక్కచెల్లెళ్ళ తండ్రి, చర్చి పాస్టర్ పాట్రిక్ 1820లో కుటుంబంతో వచ్చి చేరిన ఆ ఇల్లు 1928 నుంచి మ్యూజియం. అందులో భోజనాల గది ఉంది, మధ్యలో బల్ల. రాత్రి ఇల్లు సద్దుమణిగాక ముగ్గురు అక్కచెల్లెళ్ళూ ఆ బల్ల చుట్టూ తిరుగుతూ తాము రాస్తున్నవి ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. 'జేన్ ఐర్', 'వుదరింగ్ హైట్స్' రెండూ 1847లో వచ్చాయి, ఒకే ఇంట్లోంచి, ఒకే బల్ల చుట్టూ నలిగి. చదవడం ఒంటరి పని అంటారు గానీ ఆ ఇంట్లో రాయడమే ముగ్గురి పని అయింది. గుంపు పుస్తకానికి అడ్డం కాదు. అడ్డమయ్యేది రోజంతా ఖాళీ లేకుండా నింపేసిన కార్యక్రమం.

కాబట్టి రోజుని ఇలా పెట్టుకోండి. పొద్దున ఒక్క చోటు, అంతే. ఇల్లో, నడకో, సమాధో, ఏదో ఒకటి. మధ్యాహ్నం ఎవరి దారి వాళ్ళది. చదువుకునేవాళ్ళు చదువుకుంటారు, పడుకునేవాళ్ళు పడుకుంటారు, ఎవరు ఎక్కడున్నారని ఎవరూ అడగకూడదు. సాయంత్రం చీకటి పడ్డాక కలిసి ఒక గంట మాట్లాడుకోండి. ఆ గంటకి రోజుకొకరు పెద్ద. ఆ రోజు పెద్దగా ఉన్నవాళ్ళు పొద్దున చూసిన చోటుకి సంబంధించిన ఒక పేజీ ముందే ఎంచుకుని రావాలి, ఆ చోట నిలబడి పైకి చదవాలి. రెండు మూడు నిమిషాలకి మించొద్దు. ఎక్కువ చదివితే చలిలో నిలబడ్డవాళ్ళు రచయిత్రినే తిట్టుకుంటారు. అనువాదంలో చదివినవాళ్ళుంటే ఆ పేజీ తెలుగులోనే చదవండి, మొహమాటం అక్కర్లేదు. ఫోన్లు ఆ రెండు మూడు నిమిషాలూ జేబుల్లో ఉండాలి. ఫొటోలు పూర్తిగా వద్దనకండి, అలా అంటే దొంగచాటుగా తీస్తారు. చదవడం అయ్యాక తీసుకోమనండి.

మీ బృందంలో బ్రాంటీలంటే గిట్టనివాళ్ళు ఉండొచ్చు. అప్పుడు వేరే ఊరు చూడండి, పద్ధతి మాత్రం అదే ఉంచండి. ఒకే ఊళ్ళో పది పుస్తకాలు దొరకాలంటే అమెరికాలో మసాచుసెట్స్‌లో కాంకర్డ్. 'లిటిల్ విమెన్' రాసిన లూయిసా మే ఆల్కాట్, ఎమర్సన్, హాథార్న్, థోరో నలుగురూ అక్కడ కాపురమున్నవాళ్ళే, ఒకే శ్మశానంలో ఒకే గుట్ట మీద ఉన్నారు. థోరో 1845లో కాపురం పెట్టిన వాల్డెన్ చెరువు ఊరి పక్కనే. అభిరుచులు కలవని బృందానికి ఇది నప్పుతుంది. ఇల్లూ నవలా ఒకటే అయిన చోటు కావాలంటే ఇస్తాంబుల్. ఓర్హాన్ పాముక్ 2008లో 'ది మ్యూజియం ఆఫ్ ఇన్నోసెన్స్' నవల రాసి, 2012లో అదే పేరుతో మ్యూజియం తెరిచారు. నవలలో 83 అధ్యాయాలు, ఒక్కో అధ్యాయానికి ఒక్కో అద్దాల అర. కథానాయిక కాల్చి పడేసిన సిగరెట్ పీకలు 4,213 గోడకి గుచ్చి పెట్టారు. పుస్తకం చివర్లో ఒక టికెట్ అచ్చువేసి ఉంటుంది, దాని మీద ముద్ర వేసి ఉచితంగా లోపలికి పంపిస్తారు. అంటే మీలో ఎవరు పుస్తకం కొన్నారో, ఎవరు అరువు తెచ్చుకున్నారో గుమ్మం దగ్గరే తెలిసిపోతుంది. మనసుకి దగ్గరగా, సందడి లేకుండా కావాలంటే కేరళలో పాలక్కాడ్ దగ్గర తస్రాక్. మలయాళ రచయిత ఓ.వి. విజయన్ సోదరి ఆ పల్లెలో ఏకోపాధ్యాయ పాఠశాలలో పంతులమ్మగా పనిచేస్తుంటే ఆయన వెళ్ళి ఉన్నారు, 1969లో వచ్చిన 'ఖసాక్కింటె ఇతిహాసం' అక్కడి నుంచి పుట్టింది. తాటిచెట్లు, పొలాలు, ఆయన స్మారక భవనం. చూడ్డానికి ఏమీ లేదని కొందరు పెదవి విరుస్తారు. నవల చదివినవాళ్ళకి ఆ మాట అర్థం కాదు.

డబ్లిన్ సంగతి కూడా చెప్పి వదిలేస్తాను. జేమ్స్ జాయిస్ 'యులిసిస్' మొత్తం 1904 జూన్ 16న, ఆ ఒక్క రోజున ఆ ఊళ్ళో జరుగుతుంది. ఏటా ఆ తేదీన జనం నవలలో ఉన్న దారి వెంట నడుస్తారు. 1954లో మొదటిసారి ఆ పని చేసింది కొందరు రచయితలూ మిత్రులూ, గుర్రబ్బళ్ళు కట్టించుకుని మరీ బయల్దేరారు. దారి మధ్యలో ఒక పబ్బులో ఆగారు, అక్కడితో యాత్ర ముగిసింది. మీ కార్యక్రమం పూర్తి కాకపోతే బాధపడకండి, ఈ రకం ప్రయాణాలకి మూలపురుషులే పూర్తి చెయ్యలేదు. అయితే అలాంటి పండగ రోజుల్లో బసలు దొరకడం కష్టం. తొమ్మిది మంది ఒకేచోట దిగాలంటే ఇంకా కష్టం. మొదటిసారి వెళ్ళేవాళ్ళు పండగ తేదీని తప్పించుకోవడమే మేలు.

ఇక భర్తల విషయం. రానివ్వండి. వాళ్ళని పుస్తకంలోకి ఈడ్చే ప్రయత్నం మాత్రం చెయ్యకండి, 'కనీసం సారాంశం చదువుకో' అని అసలు అనొద్దు. చదవని మనిషికి రచయిత్రి భోజనాల బల్ల ముందు నిలబడటం శిక్ష. ఆ శిక్ష వాళ్ళు మౌనంగా భరించరు, 'అయిందా' అని అడుగుతూ మీకు కూడా వేస్తారు. వాళ్ళకి వాళ్ళ పని చూపించండి. హావర్త్‌లో అయితే ఇది చాలా సులువు. ఊరి దిగువన స్టేషనుంది, కీలీ నుంచి ఆక్సెన్‌హోప్ దాకా ఎనిమిది కిలోమీటర్ల పాత రైలు మార్గం. బొగ్గు ఇంజన్లతో వలంటీర్లే నడుపుతారు, 1968లో తిరిగి తెరిచినప్పటి నుంచీ. ఆ ఇంజన్ల దగ్గర వదిలేస్తే ఒక పూట గడిచిపోతుంది. పొద్దున వేరు, సాయంత్రం భోజనానికి కలవడం. పుస్తకం గురించి మాట్లాడుకునే గంటలో మాత్రం వాళ్ళు ఉండకూడదని ముందే, నవ్వుతూ, స్పష్టంగా చెప్పండి. ఆ ఇద్దరు భార్యలే చెప్పాలి, మీరు కాదు.

డబ్బు విషయం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అక్కడ అందరూ 'నాకేం ఇబ్బంది లేదు' అనే అంటారు. మీలో ఒకరు, గుట్టు దాచగలరని అందరూ నమ్మేవాళ్ళు, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి ఎంత వరకు పెట్టగలరో కనుక్కోవాలి. అందరికన్నా తక్కువ చెప్పినవాళ్ళ అంకె ఎంతో అదే అందరి బడ్జెట్. ఆ అంకె ఎవరిదో ఎప్పటికీ బయటికి రాకూడదు. ఎక్కువ పెట్టగలిగినవాళ్ళు మంచి గది తీసుకుంటారేమో తీసుకోనివ్వండి, ఉమ్మడి ఖర్చులు మాత్రం ఆ కింది అంకెలోనే ఉండాలి. ఒకే ఊళ్ళో ఉండటంలో ఇదొక లాభం, రోజూ బస్సుకీ కొత్త హోటలుకీ పోయే డబ్బు మిగులుతుంది. గది ఒక్కరికే కావాలంటే చాలా కంపెనీలు అదనంగా తీసుకుంటాయి, అది మొదట చెప్పిన ధరలో కనిపించదు. ఎవరైనా చివర్లో మానుకుంటే వాళ్ళ వాటా ఎవరు భరించాలో కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి. స్నేహితులమే కదా అనుకుని వదిలేస్తే ఆ స్నేహం మీదకే వస్తుంది.

మోకాళ్ళ నొప్పులావిడ గురించి నిజం చెప్పాలి. హావర్త్ ప్రధాన వీధి నిట్టనిలువు, రాళ్ళు పరిచిన దారి. టాప్ విదెన్స్‌కి వెళ్ళి రావడం పది కిలోమీటర్లకి పైనే, చదునైన నేల కాదు. ఆవిడ ఆ నడకకి రాలేరు. 'మెల్లగా వెళ్దాంలే' అని లాక్కెళ్తే సగం దారిలో ఆవిడకీ మిగతావాళ్ళకీ కష్టమే. బస మాత్రం ఊరి పైభాగంలో, మ్యూజియానికి దగ్గర్లో తీసుకోండి, రోజూ ఆ వీధి ఎక్కక్కర్లేకుండా. నడక రోజున ఆవిడకి మ్యూజియంలో తీరిగ్గా తిరిగే అవకాశం ఉంటుంది, గుంపుతో తోసుకోకుండా. ఆ సాయంత్రం పెద్దగా ఆవిడనే పెట్టండి. నడిచొచ్చినవాళ్ళు కొండ సంగతి చెబుతారు, ఆవిడ ఇంటి సంగతి చెబుతారు, ఎవరూ ఏమీ పోగొట్టుకోరు. మ్యూజియానికి ముందే రాసి మెట్లెన్ని, కూర్చునే వీలుందా అని అడగండి. పాత ఇళ్ళలో మెట్లు ఇరుగ్గా ఉంటాయి.

నడవడం అందరికీ కష్టమే అనిపిస్తే వేల్స్ ఉత్తరాన హవార్డెన్‌లో గ్లాడ్‌స్టన్ లైబ్రరీ ఉంది. పేర్లు రెండూ దగ్గరగా ఉన్నాయి, టికెట్లు కొనేటప్పుడు జాగ్రత్త. అది లైబ్రరీలోనే గదులు తీసుకుని ఉండే చోటు. బ్రిటన్ ప్రధానిగా చేసిన గ్లాడ్‌స్టన్ ఎనభై దాటిన వయసులో తన పుస్తకాలని చక్రాల తోపుడు బండిలో వేసుకుని అక్కడికి చేర్చాడు. చూడాల్సిన చోట్లంటూ ఏమీ లేకుండా, చదువుకోవడమే సెలవుగా గడపాలనుకునేవాళ్ళకి అది చాలు. కానీ మీ ఉత్తరం చదివితే మీకు కొండే కావాలనిపిస్తోంది.

కంపెనీ ద్వారా వెళ్ళాలా, మీరే చూసుకోవాలా అన్నది ఇక పెద్ద ప్రశ్న కాదు. ఒక్క ఊరికి తొమ్మిది మందో, భర్తలతో కలిపి పదకొండు మందో వెళ్ళడానికి విమానం, రైలు, బస బుక్ చెయ్యగల మనిషి మీలో ఒకరుంటే చాలు. కంపెనీనే నమ్ముకుంటే ఫోనులో ఇవి అడగండి: వెంట వచ్చే గైడ్ ఆ పుస్తకం చదివారా, రోజులో ఏ కార్యక్రమమూ లేని గంటలెన్ని, మాతో కలిపి బస్సులో మొత్తం ఎంతమంది. మొదటి ప్రశ్నకి 'మా గైడ్లందరూ చాలా అనుభవజ్ఞులండీ' అన్న జవాబు వచ్చిందంటే చదవలేదనే అర్థం. కొండ మీద హెదర్ పూలు ఊదారంగులో కనబడాలంటే ఆగస్టు. జనం తక్కువగా ఉండాలంటే సెప్టెంబరు. జనవరిలో మ్యూజియం మూసి ఉండొచ్చు కాబట్టి తేదీలు చూసుకోకుండా టికెట్లు తీయకండి.

పుస్తకం మాత్రం అందరూ ఒకే ఎడిషన్ కొనుక్కోండి. 'వుదరింగ్ హైట్స్' మొదట రెండు సంపుటాలుగా వచ్చింది. కొన్ని ఎడిషన్లలో 34 అధ్యాయాలూ వరసగా ఉంటాయి, కొన్నిట్లో 14 అయ్యాక మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి. '17వ అధ్యాయం తీయండి' అని ఒకరంటే, సగం మంది ఒక చోట, సగం మంది ఇంకో చోట తీసి, ఆ గాలిలో పేజీలు పట్టుకుని వాదించుకుంటారు.